ఒక్కసారి వినే పాటలు

భీమిలిలో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద 'ఉప్పుగాలి' అనే రేడియో స్టేషనుండేది. రెండు గదులు, డాబా మీద ఒక ఇనుప టవరు, అంతే. దాని గొంతు పట్టుమని పదిహేను కిలోమీటర్లు దాటేది కాదు. అయినా శనివారం సాయంత్రం ఆరయ్యేసరికి ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళ దగ్గర్నుంచి ఆటోస్టాండు దాకా అదే మోగేది. ఆ రెండు గంటలూ మాలక్ష్మివి. కార్యక్రమం పేరు 'కలగూరగంప'.

పేరుకు తగ్గ సరుకే ఉండేది అందులో. ఏ కంపెనీ విడుదల చెయ్యనివి, ఏ సినిమాకీ ఎక్కనివి ఏరి తెచ్చి వేసేది. పాడేరు కొండల్లోంచి థింసా డోలు, దాని వెనకే గాజువాకలో ఎవరో కంప్యూటరు మీద కట్టిన సంగీతం, ఆ తర్వాత ఒక రిటైరైన టీచరమ్మ సొంతంగా అల్లుకున్న జోలపాట. ఇదేం వరస అని ఎవరైనా అడిగితే, "గంపలో తోటకూర పక్కన గోంగూర ఉండకూడదా ఏటి?" అనేది. పాట మనసుకు తాకితే మైకు ఆన్‌లో ఉందని కూడా చూసుకోకుండా "అబ్బ" అనేసేది. ఆ "అబ్బ" అనిపించుకోడానికే పాటగాళ్ళు రెండేసి బస్సులు మారి వచ్చేవారు.

గాజు అద్దం అవతల గదిలో ట్రాన్స్‌మిటర్ చూసుకునే గురునాయుడు ఆమె భర్త. ఊరంతా వినే ఆ కార్యక్రమాన్ని అతను ఎన్నడూ వినలేదు. పెళ్ళైన మూడో ఏట మెదడువాపు జ్వరం వచ్చి ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. లోపలి నరమే ఎండిపోయిందనీ, ఏ మిషను పెట్టినా లాభం లేదనీ డాక్టర్లు తేల్చేశారు. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. తన గొంతు తనకు తెలియదు కాబట్టి ఒకప్పుడు అరిచినట్టూ, ఒకప్పుడు గొణిగినట్టూ మాట్లాడేవాడు. మీటరు మీద ముల్లు ఊగుతుంటే చూసి, "ఇవాళ ఎవరో గట్టిగానే పాడుతున్నారే" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా మాలక్ష్మికి గుండె కలుక్కుమనేది.

గురునాయుడి చెల్లెలు ఇందుమతి విశాఖపట్నంలో మెదడు మీద పరిశోధనలు చేసే లాబులో శాస్త్రవేత్త. అన్నకు చెవులు పోయిన ఏడు ఆమె ఇంటర్మీడియట్‌లో ఉంది. ఏం చదవాలన్నది ఆ ఏడే తేల్చుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఫోను చేసి, "వదినా, అన్నయ్యని తీసుకుని లాబుకి రా. నీ దగ్గరున్న పాటల్లో నీకు ప్రాణమైనది ఒకటి పట్రా" అంది.

లాబులో బల్ల మీద రెండు పట్టీలున్నాయి. చూడ్డానికి తలనొప్పికి కట్టుకునే గుడ్డల్లా ఉన్నాయి, లోపలివైపు మాత్రం సన్నటి తీగలు అల్లి ఉన్నాయి. ఒకటి మాలక్ష్మి తలకీ, ఒకటి గురునాయుడి తలకీ కట్టింది ఇందుమతి.

"చెవి దారి మూసుకుపోయింది కదా, ఆ దారి వదిలేశాను" అంది. "నువ్వు విన్నప్పుడు నీ మెదడులో పుట్టే కదలికని ఈ పట్టీ పట్టుకుంటుంది. ఆ పట్టీ అదే కదలికని అన్నయ్య మెదడులో పుట్టిస్తుంది. నువ్వు వింటావు, అన్నయ్యకి వినిపిస్తుంది."

ముందు గంట మోగించింది. గురునాయుడు తల అడ్డంగా ఊపాడు. రేకు మీద గులకరాళ్ళు పోసినట్టుందన్నాడు. ఎవరో వార్తలు చదివింది వినిపించారు. మళ్ళీ గులకరాళ్ళే. ఇందుమతి ముఖంలో నీరసం కనపడింది. ఇక మాలక్ష్మి తెచ్చిన పాట పెట్టారు. రెండేళ్ళ కిందట ఒక కాలేజీ అమ్మాయి స్టేషనుకొచ్చి గిటారు మీద పాడి వెళ్ళిన వాన పాట. మాలక్ష్మి కళ్ళు మూసుకుంది. చరణం మొదలయ్యేసరికి ఎప్పట్లాగే ఒళ్ళు పులకరించింది.

"వాన" అన్నాడు గురునాయుడు.

అందరూ అతనివైపు చూశారు. అతని వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి. ఒక్క దెబ్బ కూడా తప్పడంలేదు. "ఆడపిల్ల పాడుతోంది. గొంతులో చిన్న జీర ఉంది" అంటూనే ఏడ్చేశాడు. ఇందుమతి గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. నచ్చిన పాటకే మెదడు నిండా కదిలి, దాటేంత బలం పుంజుకుంటోందని ఆమెకు అప్పుడర్థమైంది.

ఆ తర్వాతి శనివారం కృతజ్ఞతగా ఆ వాన పాటే మొదట వేసింది మాలక్ష్మి. వేసి, తెల్లబోయింది. ఇయర్‌ఫోనులో గరగరమని రాళ్ళ చప్పుడు. మాటలు తెలుస్తున్నాయి, గిటారు తీగ కదిలినట్టూ తెలుస్తోంది, అవి కలిసి పాట కావడంలేదు. పరికరం పాడైందేమో అనుకుంది. ఈలోగా ఫోన్లు మోగాయి. ఎంత బాగుందో మేడం, మళ్ళీ వెయ్యండి అని.

పాడైంది తనలోనే అని అర్థమైంది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? లాబు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గురునాయుడు కొత్త మనిషైపోయాడు. అన్నం తింటూ వేలితో కంచం మీద తాళం వేస్తున్నాడు. ఆమె మరో మూడుసార్లు లాబుకి వెళ్ళింది, ఒక పడవ పాటతో సహా మూడు పాటలు ఇచ్చి వచ్చింది. రెండోసారి నుంచి ఇందుమతి ఊళ్ళో చెవుడొచ్చిన మరికొందరినీ పిలిచి పట్టీలు కట్టింది. వాళ్ళలో షిప్‌యార్డులో రేకులు కొట్టి కొట్టి వినికిడి పోగొట్టుకున్న అప్పన్న ఒకడు. ఆ రోజు అప్పన్న పట్టీ తియ్యనంటే తియ్యనని కుర్చీ పట్టుకుని కూర్చుని, చివరికి దానితోనే ఇంటికి వెళ్ళాడు.

దొంగతనం ఎన్నాళ్ళు దాగుతుంది? పట్టుకున్నవాడు గురునాయుడే. ఒక శనివారం కార్యక్రమం అయ్యాక స్టూడియోలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఆ పడవ పాట వేశావు కదా ఇవాళ?"

"వేశాను. మీకెలా తెలిసింది?"

"మధ్యలో పేరు చెప్పావు, చూశాను. ఆ పాటకి నువ్వెప్పుడూ 'అబ్బ' అంటావు. అద్దంలోంచి నేను చూసేది నీ పెదాలనే కదా. ఇవాళ అనలేదు. మొన్నామధ్య వాన పాటకీ అనలేదు. ఏమైంది?"

ఆమె అబద్ధమాడబోయి, ఆ కళ్ళు చూసి ఆగింది. అంతా చెప్పేసింది. గురునాయుడు, తన గొంతు ఎంత పెరిగిందో తెలియక, కింద ఐసు దిమ్మలు మోసేవాళ్ళకి కూడా వినపడేలా అరిచాడు. "నీ పాటలు తిని నేను వినాలా? నాకొద్దు! ఆ గుడ్డ మళ్ళీ నా తలకి చుట్టావంటే చూడు!"

మర్నాడే ఇందుమతి పరీక్షలన్నీ చేసింది. మాలక్ష్మి చెవులకేమీ కాలేదు. మాట వినపడుతోంది, హారన్ వినపడుతోంది, ఇవ్వని పాటలన్నీ పాటల్లాగే వినపడుతున్నాయి. పోయినవి ఆ నాలుగే.

"నచ్చిన పాట మెదడులో ఒక బాట వేసుకుంటుంది వదినా" అంది ఇందుమతి. కళ్ళు తుడుచుకుంది. "నా మిషను ఆ బాటని నకలు తీస్తోందనుకున్నాను. తవ్వి అవతలికి మోసేస్తోంది. ఇప్పటికి ఒక్కో పాటే పోతోంది. రేపు పాట అన్నదే పోతే? ఇక ఆపేస్తున్నాను. నన్ను క్షమించు."

"ఏడవకు. పోయింది నాలుగు పాటలే" అంది మాలక్ష్మి. అంది గానీ, ఆ రాత్రి ఆ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి నెమరువేసుకోబోయి, రాక, దిండులో ముఖం దాచుకుంది.

వారం తిరక్కుండా అప్పన్న స్టేషను మెట్లెక్కి వచ్చాడు. ఒక చేతిలో పట్టీ, ఒక చేతిలో తేగల కట్ట. లాబు వాళ్ళు పట్టీ వెనక్కి ఇమ్మన్నారట. ఎందుకన్నదీ చెప్పారట.

"ఇది డాక్టరమ్మకి ఇచ్చెయ్యండి" అన్నాడు. "తేగలు మీకు. ఆ రోజు పడవ పాట విన్నాను కదమ్మా. అది మీదని నాకు తెల్దు. తెలిసుంటే వినేవాణ్ణే కాదు. విన్నాను కాబట్టి దండం పెట్టి పోదామని వచ్చాను." అతను పెద్దగా మాట్లాడుతూ రెండు చేతులూ జోడించాడు. "మా ఆవిడ పోయాక ఇల్లంతా నిశ్శబ్దం. ఇప్పుడు పొద్దున్న లేవగానే ఆ పాట నా లోపల తిరుగుతోంది. మీ దగ్గర లేకపోయినా నా దగ్గర భద్రంగా ఉందమ్మా. బెంగెట్టుకోకండి."

అతను దిగి వెళ్ళిపోయాక మాలక్ష్మి తేగల కట్ట ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పాట పోయిందనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇల్లు మారిందంతే అని ఇప్పుడు తోచింది.

తను ఇష్టపడని పాటలు ఇస్తే నష్టమేముందని ఇందుమతిని బతిమాలి ఒకసారి కూర్చుంది. సబ్బుల ప్రకటనలు, ఎన్నికల పాటలు వరసగా పెట్టారు. అప్పన్న పట్టీ కట్టుకుని చెవిలో చీమ దూరినవాడిలా ముఖం పెట్టాడు. ఇష్టం లేనిది గడప దాటడంలేదు. అంటే ఇవ్వాలంటే ఇష్టమైనదే ఇవ్వాలి. ఇష్టమైనది ఇస్తే భర్త ఊరుకోడు.

దారి వంటింట్లో దొరికింది. పక్కింటి పిల్ల, మాలక్ష్మి ఎన్నడూ వినని కొత్త పాట కూనిరాగం తీస్తూ నీళ్ళు పడుతోంది. మాలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది, "అబ్బ" అనేసింది. అని, స్టవ్ కట్టేసి గురునాయుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నా పాటలు తినను అన్నారు కదా. నా దగ్గర లేని పాటైతే?"

"అంటే?"

"నేనింతవరకూ వినని పాట. మొదటిసారి వింటూనే నచ్చుతుంది, నచ్చుతూనే వెళ్ళిపోతుంది. నేను పోగొట్టుకునేది ఏముంది? ఒకసారైతే విన్నాను కదా!"

"రెండోసారి వినే భాగ్యం పోతుంది."

"మీకు ఒక్కసారి కూడా లేదు కదండీ."

గురునాయుడు "నచ్చకపోతే?" అన్నాడు.

"భీమిలి చుట్టుపక్కల నాకు నచ్చేలా పాట కట్టలేనివాళ్ళున్నారా ఏటి?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వాడంటే ఒప్పుకున్నట్టే. "ఒక్క సాయంత్రం. నీకు తల తిరిగినా, రంగు మారినా ట్రాన్స్‌మిటర్ కట్టేస్తాను" అన్నాడు. ఇందుమతి ఒప్పుకోడానికి మరికొన్ని రోజులు పట్టింది. పక్కనే కూర్చుని ప్రతి పాట తర్వాతా పరీక్ష చేస్తానన్న షరతు మీద ఆమె పట్టీలన్నీ మళ్ళీ బయటికి తీసింది. ఈసారి పట్టీల్లో చిన్న రేడియోలు పెట్టింది. స్టేషను గొంతు వెళ్ళినంత మేరా ఎక్కడ కూర్చున్నా అందుతుంది.

మాలక్ష్మి మైకు ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. "రెండు వారాల తర్వాత కలగూరగంపలో అన్నీ కొత్త పాటలే. నేను వాటిని ఒక్కసారే వింటాను. వినపడనివాళ్ళు నాతో కలిసి వింటారు. పాట ఉన్నవాళ్ళు రండి. ముందుగా మాత్రం నాకు వినిపించకండి."

ఆ శనివారం మధ్యాహ్నానికే ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద జనం. ఏళ్ళ తరబడి ఆమె గంపలో చోటు సంపాదించుకున్నవాళ్ళంతా వచ్చారు. ఎవరి వాయిద్యాలు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క తీగ కూడా కదపకుండా, పరీక్షకొచ్చిన పిల్లల్లా కూర్చున్నారు.

"మళ్ళీ మీకు వినపడదట కదా మేడం" అన్నాడు ఇస్మాయిల్. హార్బరులో క్రేను నడుపుతూ అక్కడి శబ్దాలతో సంగీతం కడతాడతను. "ఆ మాట విన్న దగ్గర్నుంచి నిద్ర లేదు. ఒక్కసారే వింటారంటే ఎంత శుభ్రంగా కట్టాలి!"

జముకుల కథ చెప్పే పోలమ్మ తన ఒంటితీగ వాయిద్యం జముకును ఒళ్ళో సర్దుకుంటూ, "నాకు మాత్రం నిద్దరట్టింది బాబూ" అంది. "ఊరూరా తిరిగి సెప్పిన కథ ఎప్పుడైనా రెండోసారి ఒక్కలా సెప్పానా? నా పాటెప్పుడూ ఒక్కసారిదే."

ఆరు కొట్టింది. ఊళ్ళో, ఒడ్డున, తగరపువలస దాకా పట్టీలు కట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. అద్దం అవతల గురునాయుడు కూడా కట్టుకున్నాడు. మాలక్ష్మి తన పట్టీ సవరించుకుని, పోలమ్మకి సైగ చేసింది.

పోలమ్మ జముకు మీద వేలేసింది. కుండలో తుమ్మెద ఉన్నట్టు గుమ్మని మోగింది. సముద్రంలోకి వెళ్ళిన కూతుర్ని ఒక తల్లి ముద్దుపేర్లతో మళ్ళీ మళ్ళీ పిలిచే పాట. నాలుగో పిలుపుకి మాలక్ష్మి "అబ్బ" అంది. అద్దం అవతల గురునాయుడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాట అయిపోయింది. గదిలో ఇంకా గుమ్మని మోగుతున్న ఆఖరి దెబ్బ తన చెవుల్లోనే రాళ్ళుగా మారడం మాలక్ష్మికి తెలిసింది. నొప్పి లేదు. చేతిలోని పిట్ట ఎగిరిపోయినట్టుంది.

"వదినా, ఎలా ఉంది?" ఇందుమతి ఆమె నాడి పట్టుకుంది.

"ఇంకో పాట కావాలనిపిస్తోంది" అంది మాలక్ష్మి. ఇందుమతి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ కోరిక ఉన్నంతకాలం పాటన్నది పోనట్టే.

ఇస్మాయిల్ సంగీతంలో గొలుసులు గలగలలాడాయి, ఓడ కూత పెట్టింది, వాటి మధ్య ఎక్కడి నుంచో ఒక ఈల సన్నగా తీగ సాగి అన్నింటినీ ఒక దండలా గుచ్చేసింది. ఆ తర్వాత పాడేరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు చేతులు పట్టుకుని, చోటు లేక అక్కడే నిలబడి కాళ్ళతో తాళం వేస్తూ పాడారు. వాన పాట పాడిన అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. అడిగి సెలవు పెట్టుకుని వచ్చి, ఎండ మీద పాట పాడింది. ఒక్కో పాటా వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. మాలక్ష్మి ఒక్కొక్కరికీ లేచి దండం పెట్టింది. వాళ్ళు ఆమెకు పెట్టారు. ఎవరు ఎవరికి రుణపడ్డారో తేలని దండాలవి.

ఎనిమిదింటికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా పాటలు అయిపోయాయి. మాలక్ష్మి అందరి పేర్లూ చెప్పి ముగించబోతుంటే స్టూడియో తలుపు తెరుచుకుంది. గురునాయుడు, తల మీద పట్టీతో. వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని మైకు తనవైపు తిప్పుకున్నాడు.

"నాకో పాటుంది" అన్నాడు.

పెళ్ళైన కొత్తలో అతను పాడేవాడని మాలక్ష్మికి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. జ్వరం తర్వాత ఒకే ఒక్కసారి పాడబోయాడు. శ్రుతి ఎక్కడుందో తెలియక, విన్నవాళ్ళ ముఖాలు చూసి ఆపేశాడు. అప్పట్నుంచి పాటకి పెదవి విప్పలేదు.

మొదటి మాట కీచుగా, ఎక్కడికో పోయింది. అతను ఆగాడు. మాలక్ష్మి ముఖంలోకి చూశాడు. ఆమె విన్నది పట్టీ గుండా అతని తలలోకి చేరుతోంది. ఇన్నేళ్ళ తర్వాత తన గొంతు తను వింటున్నాడు, ఆమె చెవులతో. రెండో మాట కిందికి దించాడు. మూడోది సరిగ్గా కూర్చుంది. అక్కడి నుంచి నడిచాడు. చూపు లేనివాడు తెలిసిన చెయ్యి పట్టుకుని వీధి దాటినట్టు, ఆమె వినికిడి పట్టుకుని చరణం దాటాడు. పాటలో పెద్ద విశేషమేమీ లేదు. మీటరు మీద ఒక ముల్లు ఉంది, అది ఊగుతుంది, దాని అవతల ఒక మనిషి ఉంది, ఆమెకు ఏమిస్తే తీరుతుంది అని. అంతే పాట.

మాలక్ష్మి "అబ్బ" అనలేకపోయింది. లేచి అతనికీ దండం పెట్టింది.

కార్యక్రమం అయ్యాక కిందికి దిగేసరికి ఐసు ఫ్యాక్టరీ ముందు రోడ్డు నిండిపోయి ఉంది. అప్పన్న ఇంకా పట్టీ తియ్యలేదు. అతని పక్కన టీకొట్టు నరసాయమ్మ కొంగు బిగించి నిలబడి ఉంది. ఆమెకు చెవులు శుభ్రంగా వినపడతాయి.

"డాక్టరమ్మా, ఈ పాటలివ్వడం మాలక్ష్మమ్మ ఒక్కర్తే ఎందుకు చెయ్యాల?" అంది ఇందుమతితో. "నాకూ ఒక పాటుంది. నాకు చాలా ఇష్టం. మా అప్పన్నకి ఇస్తాను. తియ్యి."

"నాదొకటి తీసుకోండి" అన్నాడు వెనక నుంచి ఒక ఆటో అతను. "నాదీ" అంది ఇంకో గొంతు. ఇందుమతి ఏం చెప్పాలో తెలియక అన్నవైపు చూసింది, వదినవైపు చూసింది. పాత పాటల్లోంచి మనిషికి ఒక్కటి, అదీ ఇష్టపడి ఇస్తే, అంతకుమించి ఎవరి దగ్గరా తీసుకోకూడదన్న నియమం ఆ రోడ్డు మీదే పుట్టింది. తర్వాత లాబువాళ్ళు దాన్ని కాగితం మీద పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున్న మాలక్ష్మి చేపలు వేయిస్తూ నిన్నటి రికార్డింగు పెట్టుకుంది. పోలమ్మది రాళ్ళు. ఇస్మాయిల్‌ది రాళ్ళు. ఆఖరిది కూడా రాళ్ళే. అయినా ఆపకుండా చివరిదాకా విన్నది. గుమ్మంలో నిలబడి గురునాయుడు ఆమె ముఖమే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు కొంచెం గట్టిగా.

ఆమె మంట తగ్గించి, అతనికి పెదాలు బాగా కనపడేలా ఇటు తిరిగింది.

"బాగుందని తెలుసు. ఎలా బాగుందో తెలీదు" అంది. "ఇంకోటి కట్టండి."